అవ్వ చూచిన అడవి

పిల్లలూ! పొగమంచు కమ్మిన అడవి ఫోటోలు మీరు క్యాలెండర్ల మీద చూచే ఉంటారు. కొమ్మలూ, ఆకులూ కలలో కనిపించినట్టు మెత్తగా ఉంటాయి. అటువంటి ఫోటో తీయబోయి నేను మా అవ్వను గురించి ఒక సంగతి తెలుసుకున్నాను. అది మీకు చెబుతాను.

మాది కడప జిల్లాలో మైదుకూరు దగ్గర ఒక పల్లె. మా సీమలో వానలు తక్కువ, గాలి పొడి. మంచు కోసం కాచుకు కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుచేత మావంటి వాళ్ళు మంచును తామే తయారు చేసుకోవాలి!

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, సంక్రాంతి సెలవులకు మా మామ కెమెరాతో వచ్చాడు. ఆ రోజుల్లో కెమెరాలో ఫిలిం చుట్ట వేసేవారు. చుట్టకు 36 ఫోటోలు. ఒకటి పాడైతే డబ్బు దండుగ. మామ నన్ను నల్లమల కొండల్లోని అహోబిలానికి తీసుకుపోయాడు. అప్పుడది కర్నూలు జిల్లాలో ఉండేది. 2022లో నంద్యాల జిల్లాలో చేరింది.

తెల్లవారుజామున ఎగువ అహోబిలంలో భవనాశి వాగు పక్కన నిలబడ్డాము. ఎదురుగా మద్దిచెట్లు, వెదురు పొదలు. వాటి వెనుక సూర్యుడు వస్తున్నాడు. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. మామ కెమెరాను బండ మీద కదలకుండా పెట్టి మొదట మామూలుగా ఒక ఫోటో తీయించాడు. తరువాత లెన్సు ముందున్న గాజుబిళ్ళను చూపి, “దీని మీద మెల్లగా ఊదు. ఆవిరి సగం ఆరేదాకా ఆగి, అప్పుడు నొక్కు,” అన్నాడు.

“మసకబారిపోదా, మామా?”

“మసక వేరు, మెత్తదనం వేరు. గురి తప్పితే వచ్చేది మసక. అందులో ఆకును వెదికినా దొరకదు. ఇది అట్లా కాదు. గాజు మీద ఆవిరి బొట్లున్నాయి కదా! వెలుగులో కొంత వాటికి తగిలి పక్కలకు చెదురుతుంది. మిగిలినది సూటిగా పోయి స్పష్టమైన బొమ్మ కడుతుంది. చెదిరిన వెలుగు ఆ బొమ్మ మీద పలచని పొర వేస్తుంది. తెల్లగా మెరిసే చోటల్లా చుట్టూ గుడి కడుతుంది. పొర ఎంత ఉన్నా, లోపల స్పష్టమైన బొమ్మ ఉండి తీరాలి.”

ఈ కిటుకు ఒకరిద్దరు కనిపెట్టినది కాదు. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ అనే ఆమెకు 1863లో, 48వ ఏట, కెమెరా బహుమతిగా వచ్చింది. ఆమె మనుషుల ముఖాలను మెత్తగా తీస్తే, తీయడం రాదని కొందరు వెక్కిరించారు. తరువాత 1980 దశకంలో కెనడాలోని మైకేల్ ఆర్టన్ ఒకే దృశ్యాన్ని రెండు పారదర్శక ఫిలింల మీద తీశాడు. ఒకటి స్పష్టంగా, ఒకటి గురి తప్పించి! రెంటినీ ఒకదానిపై ఒకటి పెట్టేసరికి కలలాంటి అడవి కనబడింది. చూచారా, అక్కడ కూడా అడుగున స్పష్టమైన బొమ్మ ఉండనే ఉంది.

వారం తరువాత ప్రింట్లు వచ్చాయి. నేను సంబరంగా రెండు ఫోటోలూ అవ్వ చేతికిచ్చి, “ఏది బాగుందవ్వా?” అని అడిగాను.

అవ్వ వాటిని కండ్లకు దగ్గరగా పెట్టుకుంది. వెలుతురు వైపు తిప్పి చూచింది.

“రెండూ ఒకటే కదా, నాయనా!” అన్నది.

నేను నవ్వాను. “బాగా చూడవ్వా! ఒకదానిలో మంచు ఉంది.”

“నాకు దినామూ ఇట్లే కదా అగుపించేది. చెట్లు ఇట్లే, నీ మొగమూ ఇట్లే. దీపం చుట్టూ గుడి కట్టినట్టుంటుంది.”

నా నవ్వు ఆగిపోయింది. అవ్వ బియ్యంలో రాళ్ళను వేళ్ళతో తడిమి ఏరడం నేను ఎన్నోసార్లు చూచాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు!

“మరి చెప్పలేదేం?” అన్నాను.

“చెబితే మీ నాయన అప్పు చేస్తాడు. ఈ ఏడు చెనిక్కాయ ఎండిపాయ కదా!”

ఆ రాత్రి నాయనకు ఫోటోలు చూపి అంతా చెప్పాను. నాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “పంట పోతే మళ్ళీ వేసుకుంటాము. కండ్లు ఎక్కడినుంచి తెస్తాము?” అని మరునాడే అవ్వను కర్నూలుకు తీసుకుపోయాడు.

డాక్టరు శుక్లం అన్నాడు. మన కంటిలోనూ ఒక కటకం ఉంది. ముసలితనంలో అది తెల్లబారి, వెలుగును చెదరగొడుతుంది. అచ్చం ఆవిరి పట్టిన గాజులాగే! కాని ఆవిరి పది లెక్కపెట్టేలోగా ఆరుతుంది. శుక్లం దానంతట అది పోదు. పాత కటకాన్ని తీసి, కొత్తది అమర్చాలి. అట్లా మొదటిసారి అమర్చినవాడు లండన్‌లోని హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు, 1949లో.

ఆపరేషన్ జరిగి, కన్ను కుదుటపడిన తరువాత, అవ్వ తానే ఫోటోలు అడిగి తీసుకున్నది. స్పష్టమైనదానిలో మద్దిచెట్టు బెరడును వేలితో చూపి, “మొసలి తోలు మాదిరి ఉందే!” అని మురిసిపోయింది. మెత్తనిదాన్ని నా చేతిలో పెట్టి, “ఇది నువ్వు దాచుకో, అబ్బీ. నేను శానా ఏండ్లు చూసినా,” అన్నది.

పిల్లలూ! ఇప్పుడు మీ ఇళ్ళలో ఫోన్ కెమెరాలున్నాయి. చలి ఉదయాన ఒక శుభ్రమైన గాజుబిళ్ళ మీద ఊది, దానిని కెమెరాకు అడ్డం పెట్టి, చెట్ల సందున ఫోటో తీయండి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి. అదే ఫోటోను గాజు లేకుండా ఇంకొకటి తీసి, రెంటినీ మీ అవ్వకూ తాతకూ చూపండి. “రెండూ ఒకటే” అన్నారా, నవ్వకండి. ఆ పూటే అమ్మానాన్నలతో చెప్పండి.