సెంటీమీటరు దూరం

నాన్న సింగరేణి కార్మికుడు. కొత్తగూడెంలో ముప్పై ఏళ్లు బాయి దిగాడు. భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకెళ్లకూడదు. గ్యాస్ ఉంటే అంటుకుంటుంది. దాంతో చాలామందిలాగే నాన్నకూ పొగాకు నమలడం అలవాటైంది. రిటైరయ్యాక కూడా మానలేదు.

ఓసారి నాలుక పక్కన పుండు పడింది. పన్ను గీరుకుందంటూ మూడు నెలలు గడిపేశాడు. చివరికి హైదరాబాద్ తీసుకెళితే ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సర్ అని తేలింది.

డాక్టరుగారు ఎమ్మారై చూపించారు. పైకి పావలా బిళ్లంత పుండు. లోపలికి మాత్రం 8 మిల్లీమీటర్లు దిగింది. 'కంటికి వెడల్పే కనిపిస్తుంది. లోతు స్కాన్ చెబుతుంది. ఎక్కడిదాకా కొయ్యాలో దాన్నిబట్టే గీత గీసుకుంటాం' అన్నారు. గడ్డ చుట్టూ, అడుగునా సెంటీమీటరు మేర మంచి కండ కూడా తీస్తారట. తక్కువ తీస్తే జబ్బు మిగిలిపోవచ్చు. ఎక్కువ తీస్తే మాట పోతుంది, మింగడం కష్టమవుతుంది.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నాన్న మాత్రం ఆ బొమ్మనే చూస్తూ, 'సారూ, ఇది మీ ప్లాను అన్నట్టు. మరి ముందర బోరేసి చూస్తరా?' అనడిగాడు.

డాక్టరుగారికి అర్థం కాలేదు. నాన్నే వివరించాడు. నీళ్లు నిండిన పాత పనులకు 60 మీటర్ల లోపు అనుమతి లేనిదే బొగ్గు తవ్వకూడదు. అనుమతి వచ్చినా కాగితమ్మీది ప్లానునే నమ్ముకుని పోకూడదు. ముందుకు బోర్లు వేసి చూసుకుంటూ కదలాలి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిని నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. ఆ రోజు నాన్న అన్నం ముట్టలేదు.

'మేమూ బోరు వేస్తాం పెద్దాయనా' అన్నారు డాక్టరుగారు. రోగి బల్లమీద ఉండగానే, కోసిన అంచుల నుంచి చిన్న ముక్కలు తీసి పంపుతారు. వాటిని గడ్డకట్టించి, పల్చటి పొరలుగా కోసి, మైక్రోస్కోపు కింద చూసి కాసేపట్లో కబురు చెబుతారు. దాన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. స్కాన్ గడ్డను చూపించగలదు కానీ అంచున దాక్కున్న నాలుగు కణాలను చూపించలేదు. తర్వాత, తీసిన గడ్డ అంచులకు రంగు పూసి మళ్లీ కొలుస్తారు. జబ్బుకూ అంచుకూ మధ్య 5 మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత. కోశాక కండ ముడుచుకుంటుంది కాబట్టే ముందు సెంటీమీటరు తీసుకోవడం.

ఆపరేషన్ అయిదు గంటలు సాగింది. ఒకవైపు అంచు అనుమానంగా ఉందని కబురొస్తే అక్కడ మరికాస్త తీశారట. పది రోజులకు రిపోర్టు వచ్చింది. అన్నివైపులా 5 మిల్లీమీటర్ల పైనే!

ఇప్పుడు నాన్న మాట ముద్దగా వస్తుంది. మేం అలవాటు పడ్డాం. 'బాయిల మంచి బొగ్గు ఇడిచిపెట్టి పాణం కాపాడుకున్నం. ఈడ మంచి కండ ఇచ్చి కాపాడుకున్నం బిడ్డా' అంటాడు. నాకు మాత్రం ఆ మూడు నెలలే గుర్తొస్తాయి. ముందే వచ్చుంటే, ఆ సెంటీమీటరు ఇంకా చిన్న గడ్డ చుట్టూ గీసేవారేమో!

నాన్నకూ ఆ బాధ ఉన్నట్టుంది. టీ కొట్టు దగ్గర పాత దోస్తులెవరైనా దవడన పొగాకు పెడితే చాలు, నోరు తెరిచి తన నాలుక చూపిస్తాడు. 'మూడు వారాలకు మానని పుండుంటే దవాఖానకు పో' అంటాడు. ఆ మాట మాత్రం ఎవరికైనా స్పష్టంగానే అర్థమవుతుంది.