ఎల్లారెడ్డి త్రోవలో ఒక మంచినీటి గది

కామారెడ్డిలో బస్సెక్కి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి పోవు త్రోవలో, చెరువుకట్ట క్రిందనున్న యొక చిన్న గ్రామమున దిగితిని. ఒక కంపెనీ తన లాభమునుండి ధనమిచ్చి కట్టించిన మంచినీటి ప్లాంటును చూడవలెనని చిరకాలముగా నాకు కోరిక. ఉన్నది ఒకటే గది. బోరునుండి యెక్కిన నీరు ఇసుకను, బొగ్గును దాటి, పిదప మెంబ్రేన్ల గుండ ఒత్తిడితో దూరి, తనలోని లవణములను, ఫ్లోరైడును వెనుక విడిచి, వాకిటి కుళాయికి వచ్చుచున్నది. అచ్చట 20 లీటర్ల క్యానులతో స్త్రీలు వరుసగా నిలిచియుండిరి.

ఈ సీమ నీటి విలువ నెరుగనిది కాదు. 1922 నాటి పోచారము జలాశయమును, మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరమును ఇచ్చటి పంటలకు ప్రాణము పోసినవి. అయినను త్రాగునీటికి బోరులనే నమ్ముకొన్న పల్లెలలో, రాతిపొరలనుండి కరగివచ్చు ఫ్లోరైడు కంటికి కనబడదు, నాలుకకు తెలియదు. అది లీటరున 1.5 మిల్లీగ్రాములను మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టును, మోతాదు మరింత హెచ్చినచో ఎముకలు బిగిసికొని వంగిపోవును; అట్లు వంగిన యెముకను నిలుపు ఔషధము లేదని నల్లగొండ పల్లెలు మనకు కన్నులకు కట్టినట్లు చూపినవి. కనుక ఈ వ్యాధికి నివారణమే చికిత్స. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ త్రాగునీటి పథకపు గొట్టములు ఈ యూరికిని వచ్చినవి. అవి ఆగిన దినమున ఈ గదియే దిక్కు.

నిర్ణీత పరిమితిని దాటిన కంపెనీలు, గడచిన మూడేండ్ల సగటు లాభములో 2 శాతమును సామాజిక కార్యములకు వెచ్చింపవలెనని 2013 నాటి కంపెనీల చట్టము విధించినది. ఆ కార్యముల పట్టికలో రోగనివారక ఆరోగ్యమును, సురక్షిత త్రాగునీటిని చేర్చినది. ధనమునకు త్రోవ యేర్పడినది. కాని కట్టిన పిమ్మట పోషించువారెవ్వరు? ఈ మాటనే ప్లాంటు నడుపు యువకు నడిగితిని.

"కట్టినప్పుడు అందరొచ్చిన్రు సారూ. మెంబ్రేన్లు పాడైతె పైసలెవలిస్తరు? అందుకే క్యానుకింతని తీసుకొని పక్కకు పెడుతున్నం," అని యాతడు దినదినము నీటిలో కరగిన లవణములను కొలుచు టీడీఎస్ మీటరు అంకెలు వ్రాసియుంచిన నోటుపుస్తకమును చూపెను. మెంబ్రేన్లు విడిచిన చవుటినీటిని చెరువులో కలియనీయక వేరు గుంటకు మళ్లించినారు.

మన పూర్వులు తటాకమును బిడ్డతో సమానముగ నెంచి సప్తసంతానములలో చేర్చిరి. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనమును ఆ సంతానములను పేర్కొన్నది. బిడ్డను కన్నంతనే తండ్రి ధర్మము తీరదు; పెంచవలెను, జ్వరమునాడు ప్రక్కన కూర్చుండవలెను. ధనవంతుడు ప్రజారోగ్యమున పెట్టు పెట్టుబడియు నట్టిదే కావలెను: ప్రారంభోత్సవమునకు మాత్రమే గాక, పదేండ్ల మరమ్మతునకును, నీటి పరీక్షలకును ముందుగనే ధనము కేటాయింపవలెను.

నేను బస్సునకై లేచునప్పటికి ఆతడు నాటి అంకెను పుస్తకమున వ్రాసి, మెంబ్రేన్ల పైసలను వేరు డబ్బాలో వేయుచుండెను.