ఒంగోలులో ప్రార్థన కొండ

ఒంగోలు అనగానే రైతులకు గిత్తలు, వ్యాపారస్తులకు పొగాకు గుర్తుకొస్తాయి. తెలుగు బాప్తిస్టు కుటుంబాలలో పుట్టి పెరిగిన వారికి మాత్రం ముందుగా ఒక కొండ గుర్తుకు వస్తుంది. విజయవాడ నుండి చెన్నైకి పోయే రైలు మార్గంలోనే ఉన్నది ఒంగోలు. స్టేషనులో దిగి సంఘస్థులను ఎవరిని అడిగినా ప్రార్థన కొండకు దారి చెబుతారు. కొండ అని పేరే గాని పెద్దవాళ్లు కూడా నెమ్మదిగా ఎక్కగలిగినంత ఎత్తే. చుట్టూ ఊరు పెరిగిపోయింది. అయినా పైకి వెళ్లి నిలబడితే గాలి బాగా వీస్తుంది. వేసవిలో వెళ్లేవారు తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది. ఈ కొండను మొదట ఎక్కినవారు కూడా తెల్లవారకముందే ఎక్కారు.

ప్రియ పాఠకులారా, మన ఇళ్లలో వాక్యం లేని గోడ ఉండదు. క్యాలెండరు మీద ఒకటి, గుమ్మం పైన ఒకటి, కొత్త సంవత్సరపు ఆరాధనలో తీసుకున్న వాగ్దానపు చీటీ బైబిలులో ఒకటి. బాగున్న రోజులలో వాటి వంక చూడము. మనసు క్రుంగిన రోజులలో చూసినా అవి లోపలికి దిగవు. మా అక్కయ్య సంగతి అదే అయింది. బావగారు పోయిన తరువాత ఆమె ముందుగదిలోని వాక్యాల పటాలన్నీ దింపి బీరువా వెనుక పెట్టేసింది. "ఇవన్నీ కడుపు నిండినవాళ్లు రాసిన మాటలురా" అన్నది. నేను వాదించలేదు. బంధువుల పెళ్లికి ఒంగోలు వెళ్లినప్పుడు ఆమెను ఈ కొండ మీదికి తీసుకువెళ్లాను, అంతే. పైన కూర్చున్నాక నాకు తెలిసిన చరిత్ర చెప్పాను.

అమెరికను బాప్తిస్టుల తెలుగు మిషనును శామ్యూల్ డే దొరగారు ప్రారంభించారు. 1840లో నెల్లూరు చేరారు. ఏళ్లు గడిచినా ఫలితం వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఖర్చు దండగ అనిపించి, 1853లో న్యూయార్కు రాష్ట్రంలోని ఆల్బనీ పట్టణంలో జరిగిన మిషను వార్షిక సభలో దీన్ని మూసివేద్దామా అన్న ప్రశ్న వచ్చింది. ప్రపంచ పటంలో వారి మిషను కేంద్రాలకు నక్షత్రపు గుర్తులుండేవి. మన తెలుగుదేశానికి ఉన్నది ఒక్కటే, నెల్లూరు. సభలో ఎవరో దానిని ఒంటరి నక్షత్రం అన్నారు. ఆ మాట శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ గారి మనసులో పడింది. అమెరికా దేశభక్తి గీతాన్ని రాసిన కవి ఆయనే. రాత్రి కూర్చుని ఆ నక్షత్రం మీద చిన్న పద్యం రాశారు. మరునాడు అది చదవగా విన్నవారు కన్నీళ్లు పెట్టుకున్నారని చెబుతారు. మిషను నిలిచింది.

మరుసటి సంవత్సరం, 1854 జనవరి 1న, లైమన్ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఈ కొండ ఎక్కారు. ఆ ముగ్గురిలో నెల్లూరు జూలియమ్మ పేరు మన సంఘాలలో బాగా తెలుసు. కీర్తన పాడి, వాక్యం చదివి, ఒక్కొక్కరుగా ప్రార్థించారు. క్రింద నాగజెముడు పొదలతో నిండిన మెరక చూపించి, అక్కడ మన మిషను బంగళా ఉంటే బాగుండదా అని జ్యూయెట్ గారు జూలియమ్మను అడిగారట. తరువాతి కాలంలో బంగళా అక్కడే లేచింది.

ఇంతవరకు విని అక్కయ్య, "అయితే పద్యం చదివారు, ప్రార్థన చేశారు, పని జరిగిపోయింది, అంతేగా?" అన్నది. ఆమె గొంతులో ఎగతాళి ఉన్నది. నిజానికి ఏమీ జరగలేదు. ఎనిమిదేళ్ల తరువాత, 1862లో, మళ్లీ మూసివేత ప్రశ్నే వచ్చింది. జ్యూయెట్ గారు అప్పుడు ఆరోగ్యం చెడి అమెరికాలో ఉన్నారు. మీరు పంపకపోయినా నేనొక్కడినే వెళ్లి అక్కడే బ్రతికి అక్కడే చస్తాను అన్నారు. అలాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా ఒకరిని తోడు పంపాలి అన్నారు అక్కడి కార్యదర్శి. ఆ తోడు వచ్చినవారే జాన్ క్లౌ దొరగారు. పాతిపెట్టే పని ఆయనకు పడలేదు లెండి, జ్యూయెట్ గారు 1897 వరకు జీవించారు.

క్లౌ గారు 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. తరువాత 1876 నుండి 1878 వరకు ఘోరమైన కరవు వచ్చింది. క్లౌ గారు యౌవనంలో భూమి కొలతల పని చేసినవారు గనుక, బకింగుహాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే పనిని కంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి కల్పించారు. ఈ కాలువ సంగతే నాకు అన్నిటికంటె ఇష్టం. మన బోధకులు అక్కడ ఎంచుకున్న ముఖ్యమైన వాక్యం మత్తయి సువార్త 11వ అధ్యాయంలోనిది, భారము మోసేవారిని ప్రభువు తన యొద్దకు పిలిచినది. నెత్తిన మట్టిగంపలు మోసేవారికి ఆ మాటకు వేరే వ్యాఖ్యానం కావాలా? మరొక సంగతి. కరవు కాలంలో బాప్తిస్మం ఇమ్మని అడిగినా క్లౌ గారు ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని. కూలిపని ఆగిన తరువాత కూడా వారు వచ్చారు.

మరునాడు వెల్లంపల్లి వెళ్లాము. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊరు. 1878 జూలై 3న ఈ నదిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అక్కయ్య వ్రేళ్ల మీద లెక్కపెట్టి, "పద్యం చదివిన ఇరవై అయిదేళ్లకు" అన్నది. నీళ్లలోకి దిగి కాళ్లు కడుక్కుని, కాసేపటికి నన్ను ఒక ప్రశ్న అడిగింది.

"కాలువ దగ్గర ఆ వాక్యం గంప నెత్తిన ఉండగానే చెప్పేవారా, దించిన తరువాత చెప్పేవారా?"

విశ్రాంతి వేళలలో వారి మధ్యన కూర్చుని చెప్పేవారని నేను చదివినది చెప్పాను.

"కూర్చునేవారన్నమాట" అన్నది అక్కయ్య. "మీ బావ పోయినప్పుడు అందరూ గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్లినవాళ్లేరా."

ఒంగోలు బస్సు వచ్చేదాకా ఆమె ఇంకేమీ మాట్లాడలేదు.