అసార్ట్ అంటే ఏమిటి?

నేను ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. తొమ్మిదో తరగతిలో ‘ఫారెస్ట్’ అంటే ఏమిటని అడిగితే పిల్లలందరూ ఒక్కసారే ‘అడవి’ అంటారు. పరీక్షకు అది చాలు. మన బతుకుకు చాలదు. అందుకే ఆ మాట పాత అర్థం కూడా చెబుతుంటాను.

ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో ఈ మాటకు చెట్లతో పెద్దగా పని లేదు. లాటిన్‌లో ‘ఫోరిస్’ అంటే బయట. దాని నుంచే ఇది వచ్చిందని చాలామంది భాషా పండితులు అంటారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక, రాజు తన వేట కోసం కొన్ని ప్రాంతాలను విడిగా పెట్టుకున్నాడు. మామూలు చట్టానికి బయట, రాజు వేట చట్టం కింద ఉన్న నేలే ఫారెస్ట్. అందులో ఊళ్లు, పొలాలు, బీళ్లు కూడా ఉండేవి. అంటే అది చెట్ల పేరు కాదు, హద్దు పేరు.

ఆ హద్దు లోపల బతికిన రైతుల మాటలు కొన్ని ఇంగ్లీషు పెద్ద నిఘంటువుల్లో ఇంకా ఉన్నాయి. ‘అసార్ట్’ అంటే చెట్లు, మోళ్లు పెకలించి సాగులోకి తెచ్చిన నేల. అనుమతి లేకుండా అలా చేస్తే నేరం, జరిమానా కట్టాలి. ఇది మన పోడుకు దగ్గరి చుట్టం. ఒకటే తేడా. అసార్ట్ ఎప్పటికీ పొలంగానే ఉంటుంది. మనం కొన్నేళ్లు పండించి కొండకు విశ్రాంతి ఇస్తాం. ‘ఎస్టోవర్స్’ అంటే పొయ్యిలోకి కట్టెలు, ఇంటికి కలప, నాగలికి కర్ర, కంచెకు కంప తెచ్చుకునే హక్కు. ‘పన్నేజ్’ అంటే రాలిన ఓక్ కాయలు తినడానికి పందులను అడవిలోకి తోలుకునే హక్కు. ఇంగ్లండులోని న్యూ ఫారెస్ట్‌లో ఇది ఇప్పటికీ నడుస్తోంది.

1217లో మూడో హెన్రీ అనే బాల రాజు పేరిట ‘ఫారెస్ట్ చార్టర్’ వచ్చింది. రాజు జింకను చంపినందుకు ఇక ఎవరి ప్రాణమూ, కాలూ చెయ్యీ తీయకూడదని అందులో రాశారు. స్వతంత్ర రైతులకు కొన్ని అడవి హక్కులు ఒప్పుకున్నారు.

అలాంటి చరిత్ర ఉన్నవాళ్లే మన కొండలకు వచ్చారు. 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చారు. ‘రిజర్వు’ గీతలు గీసి, వాటి లోపల పోడును నేరం చేశారు. తమ దేశంలో కట్టెలు తెచ్చుకోవడానికి హక్కు అనే పేరు ఉంది. ఇక్కడ అదే పనిని చాలాచోట్ల సర్కారు దయతో ఇచ్చే వెసులుబాటు అన్నారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మనవాళ్లు లేవడానికి పోడు మీద ఆంక్షలు, రోడ్ల పనిలో వెట్టి ముఖ్య కారణాలు.

ఇంకో మాట చూడండి. ‘సావేజ్’ అంటే ఇప్పుడు క్రూరుడు, అనాగరికుడు. దాని మూలం లాటిన్‌లో ‘సిల్వా’, అంటే అడవి. మొదట్లో అడవికి చెందినది అనే అర్థమే. మన తెలుగు కూడా తక్కువ తినలేదు. అటవి నుంచి వచ్చిన ‘ఆటవికం’ తిట్టయింది, నగరం నుంచి వచ్చిన ‘నాగరికం’ మెప్పయింది. పిల్లలు వ్యాసాల్లో ఈ మాటలు రాసేటప్పుడు, ఎవరి చోటు నుంచి చూసి అంటున్నారో ఆగి ఆలోచించమని చెబుతాను.

2006 అటవీ హక్కుల చట్టం పూర్తి పేరులో ‘రికగ్నిషన్’ అనే మాట ఉంది. ముందు నుంచీ ఉన్నదాన్ని గుర్తించడమని దాని అర్థం, కొత్తగా ఇవ్వడం కాదు. గ్రామసభలో ఎవరైనా ‘ప్రభుత్వం పట్టా ఇస్తోంది’ అన్నప్పుడు, మన యువకులు ఈ ఒక్క మాట గుర్తు చేయగలగాలి.

తోటి టీచర్లకు ఒక మనవి. అసార్ట్‌కు, పన్నేజ్‌కు నిఘంటువులో చోటు దొరికింది, ఎవరో రాసి పెట్టారు కాబట్టి. కొండను ఎంచడం, నరకడం, కాల్చడం, విత్తడం, వదిలేయడం: ఒక్కోదానికి మీ పిల్లల ఇంటి భాషలో ఏ మాట ఉందో తాతలను, అమ్మమ్మలను అడిగి రాసుకురమ్మనండి. ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టించండి.