విమానం ఎక్కకముందే మొదలయ్యే ప్రయాణం

మా అల్లూరు నుంచి విమానాశ్రయం ఎంత దూరమని ఎవరైనా అడిగితే, ఏ విమానాశ్రయమని ఎదురు ప్రశ్న వేయక తప్పదు. రేణిగుంట ఉన్నది గాని, అక్కడి నుంచి ఎగిరేవి ప్రధానంగా దేశంలోని నగరాలకు పోయే విమానాలే. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన తల్లిదండ్రులకు చెన్నై మీనంబాక్కం గాని, హైదరాబాదు శంషాబాదు గాని శరణ్యం. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. హైదరాబాదు 450 కిలోమీటర్ల దరిదాపు. అంతకు ముందు అల్లూరు నుంచి నెల్లూరు చేరడానికి మరో 30 కిలోమీటర్ల పైచిలుకు బస్సు ప్రయాణం ఉండనే ఉన్నది. మాకు దగ్గరలోనే దగదర్తి వద్ద విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ నేల మీద విమానం దిగే రోజు కోసం ఎదురుచూస్తూనే మా ఊరివారు చెన్నై దారి పడుతున్నారు.

వైద్యవృత్తి నుంచి విరమించిన తరువాత నా వద్దకు వచ్చేవారిలో అధిక సంఖ్యాకులు ఇలా ప్రయాణానికి సిద్ధమయ్యే అరవై, డెబ్బై ఏళ్ల వారు. కూతురి కాన్పుకో, కొడుకు గృహప్రవేశానికో వెళ్తుంటారు. వీసా గురించి, విమానంలో ఇచ్చే భోజనం గురించి, చెవులు దిబ్బడవేయడం గురించి అడుగుతారు. ఇంటి గడప నుంచి విమానాశ్రయపు గడప దాకా ఎలా వెళ్తారని నేను అడిగితే మాత్రం, అదేమంత విషయమన్నట్లు చూస్తారు. “బాడుగ కారు మాట్లాడాం డాక్టరుగారూ, రాత్రికి రాత్రి దింపేస్తాడు” అంటారు. నా ఆందోళన అక్కడే మొదలవుతుంది.

మన కాళ్లలోని రక్తం భూమ్యాకర్షణకు ఎదురుగా గుండెకు చేరాలి. ఆ పనిలో గుండెకు తోడ్పడేవి పిక్క కండరాలు. నడిచినప్పుడు అవి బిగిసి, సడలి, లోతైన సిరలలోని రక్తాన్ని పైకి తోస్తాయి. సిరలలోని కవాటాలు ఆ రక్తాన్ని తిరిగి కిందికి జారనీయవు. మోకాళ్లు మడిచి కదలకుండా గంటల తరబడి కూర్చుంటే ఈ తోడ్పాటు ఆగిపోతుంది. రక్తప్రవాహం మందగిస్తుంది. కొందరిలో ఆ మందగించిన రక్తం సిరలోనే గడ్డకడుతుంది. ఆ గడ్డ అక్కడి నుంచి విడివడి ఊపిరితిత్తుల ధమనిలో చిక్కుకుంటే ప్రాణాపాయం.

దీనికి ‘ఎకానమీ క్లాస్ సిండ్రోమ్’ అనే పేరు ప్రచారంలోకి వచ్చి అపోహ కలిగించింది. ఇది విమానానికి పరిమితమైన జబ్బు కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1940లో, లండను నగరంలో బాంబుల భయానికి రాత్రంతా తలదాచుకునే శాలలలో గుడ్డ కుర్చీలలో కూర్చుండిపోయిన వారిలో ఇలాంటి మరణాలను కీత్ సింప్సన్ అనే వైద్యుడు గుర్తించి వెల్లడించాడు. 1954లో అమెరికా శస్త్రవైద్యుడు జాన్ హోమన్స్ విమానంలోనే కాక కారులో, నాటకశాలలో ఎక్కువసేపు కూర్చున్నవారిలోనూ కాలి సిరలలో గడ్డలు ఏర్పడడాన్ని వివరించాడు. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన పరిశోధన ఫలితాలు దీనికి అంకెలు చేర్చాయి. నాలుగు గంటలు, అంతకు మించి కదలక కూర్చుని ప్రయాణించిన వారిలో ఈ ముప్పు సుమారు రెండింతలవుతుంది. విమానం, కారు, బస్సు, రైలు, దేనిలోనైనా అంతే. ఆరోగ్యవంతులలో నాలుగు గంటలు మించిన విమాన ప్రయాణానికి 6000 మందిలో ఒకరికి ఇది సంభవించవచ్చునని వారి అంచనా. స్వల్పమైన ముప్పే, భయపడనక్కరలేదు. కాని ప్రయాణం నిడివిని బట్టీ, కొద్ది రోజుల వ్యవధిలో వెంటవెంట చేసే ప్రయాణాలను బట్టీ అది పెరుగుతుంది.

ఇక్కడే మా ఊరివారి లెక్క వేరు. డల్లాసులో ఉన్న మనుమడిని చూడబోయే అవ్వకు విమానపు టికెట్టు మీద ఇరవై రెండు గంటలని ఉండవచ్చు. ఆమె కాళ్లు మాత్రం అల్లూరులో కారు ఎక్కినప్పటి నుంచి లెక్కపెట్టుకుంటాయి. దారిలో అయిదు గంటలు, విమానాశ్రయంలో మూడు నాలుగు గంటలు, అటుపై విమానాలు. మొత్తం ముప్పై గంటలు దాటుతుంది.

కొన్నేళ్ల క్రితం మా వీధిలోని ఒక పెద్దావిడ అమెరికా నుంచి తిరిగి వచ్చిన మూడవ నాడు నాకు కబురంపింది. ఎడమ పిక్క వాచి, తాకితే వెచ్చగా ఉన్నది. “నరం పట్టేసింది డాక్టరుగారూ, ఆముదం రాసి మర్దన చేయించుకుంటున్నాను” అన్నది. మర్దన వెంటనే ఆపించి, అదే రోజు నెల్లూరు పంపించాను. డాప్లర్ పరీక్షలో లోతైన సిరలో గడ్డ కనిపించింది. రక్తం గడ్డకట్టడాన్ని అరికట్టే మందులు కొన్ని నెలలు వాడి ఆమె కోలుకున్నది. ఆ తరువాత తీరికగా అడిగితే తెలిసిన సంగతి ఇది. విమానంలో కోడలు చెప్పినట్లే రెండు మూడుసార్లు లేచి నడిచిందట. చెన్నైలో అర్ధరాత్రి దిగి, బాడుగ కారులో సామాను నడుమ ఇరుక్కుని, మధ్యలో ఎక్కడా దిగకుండా తెల్లవారేసరికి ఇల్లు చేరింది. “దారిలో చీకట్లో ఆడవాళ్లు ఎక్కడ దిగుతారండీ” అన్నది. ఆ భయంతోనే చెన్నైలో దిగే ముందు నుంచీ మంచినీళ్లు కూడా తాగలేదు. గడ్డ కట్టడానికి ఆ చివరి అయిదు గంటలే కారణమని నేను నిర్ధారించలేను. కాని ఆ ప్రయాణంలో అన్నిటికన్నా కదలిక లేని భాగం, దాహంతో గడచిన భాగం అదే.

ఇంతకూ నేను చెప్పదలచినది, పెద్దవారికి సుఖమని మనం భావించే కారు, వారి దేహానికి అంత సుఖమైన వాహనం కాదని. కారులో నడవడానికి చోటు లేదు. మరుగుదొడ్డి లేదు. రైలులో రెండూ ఉన్నాయి. పైగా తెల్లవారుజాము రెండు నుంచి అయిదు గంటల మధ్య మానవ దేహం నిద్రకు లొంగిపోయే వేళ. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఆ సమయంలో, పగలంతా బండి నడిపి వచ్చిన డ్రైవరు చేతిలో కుటుంబాన్ని పెట్టడం నాకు ఏనాడూ సమ్మతం కాదు.

రైలు అనగానే మా అల్లూరు రోడ్డు స్టేషను గుర్తుకు వస్తుంది గాని, పెద్ద రైళ్లు అక్కడ ఆగవు. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డుతో వెలిగిన బిట్రగుంటలో కొన్ని ఆగుతాయి. నెల్లూరు చేరితే ఎంపికకు కొదవలేదు. విజయవాడ నుంచి వచ్చే పినాకిని పగటిపూట నెల్లూరు మీదుగా మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్ చేరుతుంది. సెంట్రల్ ఎదుట భూగర్భంలోని మెట్రో స్టేషను నుంచి నీలం మార్గం నేరుగా విమానాశ్రయానికి పోతుంది. 2019 ఫిబ్రవరి నుంచి ఈ సౌకర్యం ఉన్నది. సుమారు ముప్పావు గంట ప్రయాణం. లిఫ్టులు ఉన్నాయి, చల్లగా ఉంటుంది, కూడళ్ల రద్దీలో చిక్కుకునే బెడద లేదు. రాత్రి పదకొండు దాటితే మాత్రం మెట్రో ఉండదు. పార్కు స్టేషనులో లోకల్ రైలెక్కి తిరుసూలంలో దిగినా విమానాశ్రయం ఎదురుగానే ఉంటుంది. అది చవక మార్గం, చేతిసంచీతో పోయే యువకులకు తగినది. మోకాళ్ల నొప్పులున్నవారికి అక్కడి మెట్లు, జనసందోహం తగవు. ఆంధ్ర నుంచి బస్సులో వెళ్లేవారు మాధవరంలో దిగవచ్చు. అక్కడి నుంచి విమానాశ్రయం నగరానికి ఆవలి వైపు.

పినాకినిలో వెళ్తే విమానానికి ముందు చాలా సమయం వృథా అవుతుందని ఆక్షేపిస్తారు. చెన్నై నుంచి విదేశాలకు పోయే విమానాలు అనేకం అర్ధరాత్రి దాటాకనో, తెల్లవారుజామునో బయలుదేరుతాయి. మధ్యాహ్నం చేరినవారు ఒక గదిలో కాళ్లు చాపుకుని నాలుగైదు గంటలు పడుకుని, స్నానం చేసి, వేళకు భోజనం చేసి రాత్రి తొమ్మిదికి బయలుదేరవచ్చు. దానిని వృథా అనలేను. గది అద్దె, రైలు టికెట్లు కలిపినా చాలాసార్లు రానుపోను కారు బాడుగకు మించదు.

హైదరాబాదు సంగతి విచిత్రంగా తోచవచ్చు. దూరం రెండింతలకు పైగా ఉన్నా, గూడూరు నుంచి సికింద్రాబాదుకు రాత్రివేళ పోయే సింహపురి వంటి రైలులో కింది బెర్తు దొరికితే, నా దృష్టిలో ఆ ప్రయాణం చెన్నైకి కారులో పోవడం కన్న కాళ్లకు మేలు. పడుకున్నప్పుడు కాళ్లు గుండెతో సమానమైన ఎత్తులో ఉంటాయి, రక్తం పిక్కలలో నిలవదు. తెల్లవారాక శంషాబాదుకు పుష్పక్ బస్సులు ఉన్నాయి. రాత్రి వోల్వో బస్సులో సీటు వెనక్కి వాల్చుకుని కునుకు తీయడం దీనికి సమానం కాదు, కాళ్లు వేలాడుతూనే ఉంటాయి. రేణిగుంట నుంచి దేశీయ విమానంలో వేరొక నగరానికి పోయి అక్కడ విదేశీ విమానం ఎక్కేవారు గూడూరు మీదుగా రైలులో పోతే సరిపోతుంది.

ఏ వాహనమైనా సరే, గంటకొకసారి పాదాలను పైకి కిందికి ఇరవై సార్లు కదిలించండి. రెండు గంటలకొకసారి లేచి నాలుగు అడుగులు వేయండి. అయిదు అడుగుల మూడు అంగుళాల లోపు ఎత్తు ఉన్నవారు ఇంకొక మాట గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధనలో 160 సెంటీమీటర్ల కంటె పొట్టివారిలో ముప్పు హెచ్చుగా కనిపించింది. సీటు అంచు తొడల వెనుక ఒత్తుకోవడం కారణం కావచ్చు. మన స్త్రీలలో ఎక్కువమంది ఆ ఎత్తులోపలే ఉంటారు. పాదాల కింద చేతిసంచీనో, మడిచిన దుప్పటినో పెట్టుకుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది. పూర్వం సిరలలో గడ్డలు ఏర్పడినవారు, కర్కట వ్రణానికి చికిత్స పొందుతున్నవారు, ఇటీవల మోకాలి శస్త్రచికిత్స చేయించుకున్నవారు, గర్భిణులు, బాలింతలు, హార్మోను మాత్రలు వాడేవారు ముందుగా వైద్యుని కలవాలి. బిగుతు మేజోళ్లు అవసరమో కాదో ఆయన చెప్పాలి. కాళ్ల ధమనులలో పూడికలు ఉన్నవారికి అవి హాని చేస్తాయి. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ వేసుకోవద్దు. నిద్రమాత్ర అసలే వద్దు. అది మనిషిని సీటులో శిలలా కూర్చోబెడుతుంది.

మూత్రం బిగబట్టడం గురించి మన స్త్రీలు నోరు విప్పరు. నీళ్లు మానేస్తే ఇబ్బంది తప్పుతుందని తలుస్తారు. నీళ్లు మానేయడం వలన మూత్రం చిక్కబడి, బిగబట్టడం వలన నిలవ ఉండి, మూత్రకోశంలో సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. అమెరికాలో దిగిన రెండవ రోజు చలిజ్వరంతో అత్యవసర విభాగానికి పోతే అక్కడి ఖర్చు మీకు తెలియనిది కాదు. రైలు ఎక్కాక ధైర్యంగా నీళ్లు తాగవచ్చు. రక్తపోటుకు మూత్రం ఎక్కువ చేసే మాత్రలు వాడేవారు ప్రయాణం నాడు వాటిని ఏ వేళ వేసుకోవాలో వైద్యుని అడిగి తెలుసుకోవాలి, తమంతట తాము మానకూడదు.

మధుమేహం ఉన్నవారికి ఒక హెచ్చరిక. మా ఎరికలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు తెల్లవారుజామున నాలుగు గంటలకు ఇన్సులిన్ పొడుచుకుని, ఫలహారం దారిలో చేద్దామని కారు ఎక్కాడు. నాయుడుపేట చేరేలోగా చెమటలు పట్టి, మాట తడబడింది. భార్య సంచీలో మనుమడి కోసం పెట్టిన చక్కెర మిఠాయిలు ఉండబట్టి గండం గడిచింది. భోజనం కళ్లెదుట లేనిదే ఆ ఇన్సులిన్ సూది పొడుచుకోకూడదు. పడమటికి పోయేకొద్దీ పగలు సాగిపోతుంది కాబట్టి మోతాదుల పట్టికను మీ వైద్యుని చేత కాగితం మీద వ్రాయించుకోండి. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెట్టి పంపితే సామాను గది చలికి చెడిపోవచ్చు. మే నెలలో కారు అద్దం ముందు పెట్టినా చెడుతుంది. అది మీ చేతిసంచీలో, మందుల చీటీతో సహా ఉండాలి.

రైలు వద్దనేవారు చూపే బలమైన కారణం సామాను. మనిషికి రెండు చొప్పున 23 కిలోల పెట్టెలు, వాటిలో ఆవకాయ, కందిపొడి, అరిసెలు. డెబ్బై ఏళ్ల మనిషి ఆ పెట్టెలను రైలులోకి ఎత్తితే నడుమో, గజ్జలో దెబ్బతింటుంది, సందేహం లేదు. కూలీని పిలవాలి, లేదా కుటుంబంలోని యువకుడొకడు చెన్నై దాకా తోడు వెళ్లి అదే సాయంత్రపు రైలులో తిరిగి రావాలి. లేకుంటే బరువైన పెట్టెలు కారులో పంపి, మనుషులు రైలులో వెళ్లడం కూడా నేను చూశాను. అమెరికాలో ఆవకాయ దొరుకుతుందని చెప్పి చూశాను గాని, ఆ సలహా ఎవరూ పాటించలేదు.

తిరుగు ప్రయాణంలో అర్ధరాత్రి చెన్నైలో దిగినవారు అక్కడే నిద్రించి, మరునాటి ఉదయం జనశతాబ్దిలోనో, మధ్యాహ్నం పినాకినిలోనో రావాలి. వచ్చిన తరువాత నాలుగు వారాల వరకు ఒక కాలు వాచినా, పిక్క నొప్పెట్టినా మర్దన చేయించుకోక వైద్యుని చూడాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు.

నవంబరు, డిసెంబరు మాసాలలో బయలుదేరేవారు వాన సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి. 2015 డిసెంబరు వరదలలో చెన్నై విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు వద్ద రైలుకట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి కూడా తెగింది. పెన్నకు ఉత్తరాన ఉన్న మాకు నెల్లూరే దూరదేశమైంది. ఆ నెలల్లో ఒకటి రెండు రోజుల ముందే చెన్నై చేరుకోవడం మేలు. రక్తపోటుకు, మధుమేహానికి, గుండెకు వాడే మందులు ప్రయాణపు రోజులకు మించి మరో వారానికి సరిపడా చేతిసంచీలో ఉండాలి. పెద్ద పెట్టెలో ఆరు నెలల మందులున్నా, అది రైలు సీటు కిందనో, విమానం కడుపులోనో ఉన్నప్పుడు రాత్రి ఎనిమిది గంటల మాత్ర మీ చేతికి అందదు.