స్కోరు పట్టికలో పేరు లేని మనిషి

బేస్‌బాల్ అమెరికా వాళ్ళ ఆట. మనకు క్రికెట్‌లో బౌలర్ ఎట్లనో, వాళ్ళకు పిచర్ అట్ల. కాకపోతే పిచర్ పరుగెత్తి రాడు. 10 అంగుళాల ఎత్తున్న మట్టి దిబ్బ మీద నిలబడి, 60 అడుగుల 6 అంగుళాల దూరంలో బంతి వెయ్యాలి. బంతి నేల తాకకూడదు. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో విసిరితే అది బ్యాటర్ దగ్గరికి చేరడానికి అర సెకను కూడా పట్టదు. ఆ ఆటలో ప్రతి బంతికీ లెక్క ఉంటుంది. ఎన్ని గెలిచాడు, ఎన్ని ఓడాడు, ఎంతమందిని అవుట్ చేశాడు, అన్నీ రాసి పెడతారు. కానీ ఆ విసరడం నేర్పినవాడికి మాత్రం స్కోరు పట్టికలో ఒక గడి కూడా ఉండదు. అతన్ని పిచింగ్ కోచ్ అంటారు.

అట్లాంటి ఒక కోచ్ గురించి రాస్తున్నాను. ఆయన పేరు టామ్ హౌస్. సోలాపూర్‌లో తెలుగు మీడియంలో పదో తరగతి చదివే అమ్మాయికి ఆయనతో ఏం పని అని మీరు అడగవచ్చు. చెప్తాను.

నేను ఈటె విసురుతాను. మా దగ్గర మరాఠీలో దీన్ని భాలాఫేక్ అంటారు. ఎనిమిదో తరగతిలో మొదలుపెట్టాను, పోయిన సంవత్సరం జిల్లా పోటీల్లో మూడో స్థానం వచ్చింది. ఈ సంవత్సరం మొదటి స్థానం కోసం సెలవుల్లో కూడా గ్రౌండ్‌కు పోయాను. జూలైలో కుడి మోచేతి లోపలి వైపు నొప్పి మొదలైంది. నీళ్ళ బిందె లేపితే నొప్పి, జడ వేసుకుంటే నొప్పి. డాక్టర్ అక్కడ వేలితో నొక్కి చూసి, "మూడు నెలలు ఈటె ముట్టొద్దు" అన్నాడు. జిల్లా పోటీలు సెప్టెంబరులో.

ఆ రాత్రి మా బాపు మరమగ్గం పని నుంచి వచ్చి విషయం విన్నాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీ తియ్యి బిడ్డా, పదోది ఉంది, మంచిగ చదువుకో" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. అయినా నాకు ఒక తలుపు మూసిన చప్పుడు వినపడ్డట్టే అయ్యింది.

అప్పుడే మా అన్న ఫోన్‌లో 'మిలియన్ డాలర్ ఆర్మ్' అనే సినిమా చూశాను. 2014లో వచ్చింది, ఏ.ఆర్. రెహమాన్ సంగీతం. అందులో ఇద్దరు అబ్బాయిలు నాలాగా ఈటె విసిరేవాళ్ళే అని అన్న చెప్పాడు కాబట్టి చూశాను. అది నిజంగా జరిగిన కథ. రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఉత్తరప్రదేశ్ పల్లెటూరి పిల్లలు. 2008లో మన దేశంలో బంతి వేగంగా విసిరేవాళ్ళ కోసం ఒక పోటీ పెట్టారు. రింకూ గంటకు 87 మైళ్ళు, అంటే 140 కిలోమీటర్ల వేగంతో విసిరి లక్ష డాలర్లు గెలిచాడు. అప్పటిదాకా వాళ్ళిద్దరూ బేస్‌బాల్ ఆడినవాళ్ళు కారు. ఆ ఇద్దరినీ అమెరికా తీసుకుపోయి ఒకాయన చేతిలో పెట్టారు. ఆయనే టామ్ హౌస్. అప్పుడు లాస్ ఏంజిలస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా జట్టుకు పిచింగ్ కోచ్. సినిమాలో అందరూ ఆ అబ్బాయిలను చూస్తారు. నేను మాత్రం కోచ్‌ను చూశాను. ఆ తర్వాత ఆయన గురించి దొరికిందల్లా చదివాను.

ఆటగాడిగా టామ్ హౌస్ చాలా పెద్దవాడేమీ కాదు. 1947లో పుట్టాడు. తర్వాత కోచ్‌గా పనిచేసిన ఆ యూనివర్సిటీలోనే చదువుకున్నాడు. 1971 నుంచి 1978 వరకు పెద్ద లీగులో ఆడాడు. మొత్తం 29 గెలుపులు, 23 ఓటములు. ఆయన బంతికి పెద్ద వేగం లేదు. ఆటగాడిగా ఆయన పేరు అందరికీ తెలిసింది ఒక క్యాచ్ వల్ల. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో హ్యాంక్ ఆరన్ తన 715వ హోమ్ రన్ కొట్టి, బేబ్ రూత్ 714 రికార్డును దాటాడు. ఆ బంతి కంచె దాటి, అదనపు పిచర్లు వేచి ఉండే చోట పడింది. అక్కడ దాన్ని పట్టుకున్నది టామ్ హౌస్. పట్టుకుని మైదానమంతా పరుగెత్తి పోయి ఆరన్ చేతిలో పెట్టాడు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. కోచ్ పని కూడా ఇంతే కదా! గొప్ప బంతి వేరేవాళ్ళది. పట్టుకుని, పరుగెత్తి, వాళ్ళ చేతిలో పెట్టడమే మనది.

ఆట ఆగిపోయాక ఆయన చదువు ఆపలేదు. మనస్తత్వ శాస్త్రంలో పిహెచ్‌డి చేశాడు. 1985 నుంచి 1992 వరకు టెక్సాస్ రేంజర్స్ జట్టుకు పిచింగ్ కోచ్. పిచర్లు విసిరేటప్పుడు వీడియో తీసి, కాలు ఎక్కడ పడింది, మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంది, భుజం ఎప్పుడు తిరిగింది అని చూసేవాడు. బేస్‌బాల్ పిచర్ల చేతికి అమెరికన్ ఫుట్‌బాల్ ఇచ్చి విసరమనేవాడు. అది కోలగా ఉంటుంది. సరిగ్గా విసిరితే గుండ్రంగా తిరుగుతూ తిన్నగా పోతుంది, తప్పుగా విసిరితే గాలిలో వణుకుతుంది. తప్పు ఎక్కడుందో బంతే చెప్పేస్తుంది, కోచ్ తిట్టే పని లేదు. జనం నవ్వారు. ఆయన మానలేదు.

ఆ జట్టులోకి 1989లో నోలన్ ర్యాన్ వచ్చాడు. అప్పటికే ఆయనకు 42 ఏళ్ళు. కోచ్ కంటే శిష్యుడే మూడు నెలలు పెద్ద! ర్యాన్ తన జీవితంలో మొత్తం 324 ఆటలు గెలిచాడు. 29 గెలిచిన మనిషి 324 గెలిచిన మనిషికి ఏం నేర్పుతాడు? కానీ ర్యాన్ ఆయన మాట విన్నాడు, ఆయన చెప్పిన కసరత్తులు చేశాడు. 1991 మే 1న, 44 ఏళ్ళ వయసులో, ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా తన ఏడవ 'నో-హిట్టర్' వేశాడు. ఇన్ని వేసినవాడు ఇంకొకడు లేడు.

నాకు అన్నిటికంటే నచ్చింది 1992లో జరిగింది. ర్యాండీ జాన్సన్ వేరే జట్టు పిచర్. చాలా పొడగరి, బంతి పిడుగు లాంటిది, కానీ ఎటు పోతుందో తెలియదు. టామ్ హౌస్, ర్యాన్ ఇద్దరూ అతన్ని పక్కకు పిలిచి, విసిరేటప్పుడు ముందు కాలు మడమ మీద పడుతున్నది, ముందరి పాదం మీద పడాలి అని చెప్పారు. ఒక్క అడుగు గురించి ఒక్క మాట. తర్వాతి సంవత్సరం జాన్సన్ 308 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఎదుటి జట్టువాడికి ఎందుకు చెప్పాలి? తప్పు కళ్ళకు కనపడితే నేర్పేవాడు ఊరుకోలేడు, అంతే అనుకుంటాను.

అట్లాంటి మనిషి 60 దాటిన వయసులో కాలేజీ పిల్లల దగ్గరికి వచ్చాడు. కాలేజీ పిచింగ్ కోచ్ పని వేరే రకం. అక్కడి పిల్లలు 18 నుంచి 22 ఏళ్ళవాళ్ళు. మూడో సంవత్సరం అయ్యాక బాగా ఆడేవాళ్ళను పెద్ద జట్లు ఎంచుకుని తీసుకుపోతాయి. అంటే ఒక చెయ్యి తయారయ్యేసరికి అది వెళ్ళిపోతుంది. మళ్ళీ కొత్త పిల్లలు, మళ్ళీ మొదటి నుంచి. మన బడిలో పదో తరగతి అయ్యాక మమ్మల్ని పంపించి, జూన్‌లో మళ్ళీ కొత్త పిల్లలకు చెప్పే మా సార్లు, మేడమ్‌లు గుర్తొచ్చారు.

రింకూ, దినేశ్‌లకు ఇంగ్లీషు రాదు. ఆయనకు హిందీ రాదు. మధ్యలో ఒక దుభాషి. మిగతాదంతా చేతులతో, కాళ్ళతో చూపించడమే. ఇది మనకు కొత్త కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, పోటీల్లో హిందీ. మైకులో ఏం పిలిచారో అర్థం కాక పక్కవాళ్ళ ముఖం చూసిన రోజులు మనలో చాలామందికి ఉన్నాయి. అయినా ఈటె మీద చెయ్యి ఎట్ల పెట్టాలో చూపించడానికి భాష అక్కరలేదు. ఆ సంవత్సరం నవంబరులోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆ ఇద్దరితో ఒప్పందం చేసుకుంది. 2009లో వాళ్ళు అమెరికాలో చిన్న లీగుల్లో ఆడారు. అన్నీ సినిమా లెక్క జరగలేదు. ఇద్దరిలో ఒక్కరూ పెద్ద లీగుకు చేరలేదు. దినేశ్ తిరిగి వచ్చేశాడు. రింకూ ఇంకా కొన్నేళ్ళు ఆడాడు కానీ గాయాలు అతన్ని ఆపేశాయి, తర్వాత కుస్తీలోకి పోయాడు.

గాయం అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. మోచేతి లోపలి వైపు ఒక గట్టి నరం లాంటి కట్టు ఉంటుంది. నాకు డాక్టర్ నొక్కింది అక్కడే. పిచర్లకు అది తెగితే ఒకప్పుడు ఆట అయిపోయినట్టే. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచర్ రెండో చేతి నుంచి ఒక స్నాయువు తీసి అక్కడ కుట్టాడు. అతను 1976లో తిరిగి వచ్చి, ఆ తర్వాత 164 ఆటలు గెలిచాడు. గొప్ప వైద్యమే. కానీ డాక్టర్ పని తెగిన తర్వాత. తెగక ముందు చూసుకోవలసినవాడు కోచ్. అందుకే మంచి పిచింగ్ కోచ్ దగ్గర ఎవరు ఎన్ని బంతులు వేశారు, ఎన్ని రోజులు విశ్రాంతి అనే లెక్క ఉంటుంది.

ఇది మా తాతకు చెప్పాను. తాత చిన్నప్పుడు గుంట మగ్గం మీద, తర్వాత మరమగ్గాల మీద పనిచేశాడు. ఇప్పుడు కుడి చెయ్యి భుజం కంటే పైకి లేవదు, అంగీ తొడగాలంటే అవ్వ సాయం కావాలి. అంతా విని, "మాకెవడున్నడు బిడ్డా అట్ల లెక్క పెట్టెటోడు? మీటర్లు లెక్క పెట్టెటోళ్ళున్నరు గని, చేతులు లెక్క పెట్టెటోళ్ళు లేకుండిరి" అన్నాడు. నేను ఏమీ అనలేకపోయాను.

మరునాడు గ్రౌండ్‌కు పోయాను. మా క్రీడల సార్ ఏమీ అడగకుండా నాకొక నోటుపుస్తకం, తన ఫోన్ ఇచ్చి, "నువ్వు విసరొద్దు. చూడు. రాయి" అన్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి ఈ సంవత్సరమే ఈటె మొదలుపెట్టింది. ఆమె విసిరేది వీడియో తీసి మెల్లగా తిప్పి చూశాను. ముందు కాలు బాగా ఎడమకు పడుతున్నది. దానితో ఒళ్ళు ముందే తెరుచుకుని, ఈటె కుడికి కొట్టుకుపోతున్నది. నేల మీద సుద్దతో గీత గీసి, కాలు ఇక్కడ పడాలి అని చెప్పాను. వారం రోజులు ఏమీ మారలేదు. తర్వాత ఒకరోజు సరిగ్గా పడింది. ఈటె చప్పుడే మారిపోయింది! అప్పుడు సంతోషం వేసింది. ఆ వెంటనే, అది నా చేతిలో ఉండాల్సిన ఈటె కదా అని గొంతు పట్టుకుంది. రెండూ ఒకేసారి వస్తాయని నాకు అంతవరకు తెలియదు.

పోటీలకు నాలుగు రోజుల ముందు ఆమె ఇంకా విసురుతానంది. రోజుకు 25 అని మేము రాసుకున్నాం. 25 అయ్యాయి. "ఇంకొక పది అక్కా" అంది. నేను ఈటె తీసుకుని గదిలో పెట్టేశాను. ఆమె ఏడ్చింది, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పోటీల్లో నాలుగో స్థానం వచ్చింది. పతకం లేదు. కానీ మన గ్రౌండ్‌లో ఎప్పుడూ విసరనంత దూరం విసిరింది. సాయంత్రం మోచెయ్యి చాచి మడిచి, "నొప్పి లేదు అక్కా" అని చూపించింది.

బాపుతో మొన్న చెప్పాను, నేను కోచ్ కావాలనుకుంటున్నానని. బి.పి.ఎడ్. ఉంది, పటియాలాలో నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఉంది, కోచ్‌లకు అక్కడ డిప్లొమా ఇస్తారు అని చెప్పాను. బాపు, "ఆడెటోళ్ళకే పైసలు లేవు, నేర్పెటోళ్ళకు ఎవరిస్తరు?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే, ఇంటి అద్దె కట్టే మనిషి అడిగే ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. టామ్ హౌస్ కథంతా చెప్పాను. అంతా విన్నాక, "ముందు పదో తరగతి మార్కులు రానీ, అప్పుడు చూద్దాం" అన్నాడు. వద్దు అనలేదు.

మూడు నెలలు అయ్యాయి. డాక్టర్ నన్ను మెల్లగా మొదలుపెట్టమన్నాడు. ఈటె కాదు, చిన్న బంతి. రోజు విడిచి రోజు, 15 సార్లు మాత్రమే. ఇప్పుడు నోటుపుస్తకం ఆ ఎనిమిదో తరగతి అమ్మాయి చేతిలో ఉంది. నిన్న చెయ్యి తేలికగా ఉంది, పదహారోది వేద్దామని బంతి కోసం చెయ్యి చాచాను. ఆమె బంతిని సంచిలో వేసి ముడి వేసేసింది.

"అయిపోయినయి అక్కా" అంది.