పాత బ్లాకు, కొత్త బండి

మళ్ళీ పొడుగు పోస్టే. టీ పెట్టుకుని చదవండి.

కొత్త సభ్యులకు ఒక మాట. మేము కోయంబత్తూరు తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు హిందూపురం స్టేషన్లో బుకింగ్ క్లర్కుగా ఉన్నప్పుడు బోర్డులు చూసి కూడబలుక్కుని నేర్చుకున్నవి. తప్పులుంటే సరిదిద్దండి, నవ్వకండి. మేమంటే మేమిద్దరం. మా ఆవిడ చదివి సరేనంటేనే ఏ పోస్టయినా ఇక్కడికి వస్తుంది.

మా పోర్టికోలో నాలుగు నెలలుగా టార్పాలిన్ కప్పుకుని ఉన్న కారు గురించి చాలామంది అడుగుతున్నారు. ఈ వయసులో కారు కొన్నారా అని ఒకరు, ఎవరిదో తాకట్టు బండి పెట్టుకున్నారా అని ఒకరు. అది మా చెల్లెలి కొడుకుది. వాడూ వాడి ఇద్దరు స్నేహితులూ కలిసి సెకండ్ హ్యాండులో కొన్న మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ టెన్. టర్బో ఉన్న స్పోర్ట్స్ కారు. ప్రస్తుతం అందులో ఇంజిను లేదు.

లేకపోవడానికి కారణం మావాడే. కంపెనీ ఇచ్చిన బలం చాలదని టర్బో ఒత్తిడి పెంచాడు. ఒకరోజు తెల్లవారుజామున దొడ్డబళ్ళాపుర రోడ్డులో బ్లాకు పగిలింది. తప్పు కారుది కాదు.

తరవాత వాడు మా దగ్గరికి వచ్చి, "మామా, దీనికి ముందు తరం ఎవల్యూషన్‌లో ఉన్న పాత బ్లాకు పెడతాం. అదే గట్టిది" అన్నాడు. మూడు లక్షలు అడిగాడు. మా ఆవిడ మోకాలి ఆపరేషన్ కోసం వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి ఇచ్చాం. ఇచ్చాక భయం పట్టుకుంది.

భయానికి ఒక పాత జ్ఞాపకం కారణం. 1985 తరవాత మద్రాసులో స్టాండర్డ్ 2000 అని ఒక కారు వచ్చింది. మాకు అప్పుడే ఉద్యోగం వచ్చి సెంట్రల్ పార్శిల్ ఆఫీసులో ఉన్నాం. ఆ కారు పోతుంటే కూలీలు కూడా బండి ఆపి చూసేవాళ్ళు. ఒళ్ళు ఇంగ్లండు రోవర్ ఎస్‌డీ1 ది. ఇంగ్లండులో ఆ ఒంటికి మూడున్నర లీటర్ల వీ8 ఇంజిను కూడా ఉండేది. మన దగ్గర మాత్రం లోపల పెట్టింది 1940ల నాటి వాన్‌గార్డు కారు వంశానికి చెందిన రెండు లీటర్ల ఇంజిను. చూపు చిరుతది, నడక ఎద్దుది. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆగిపోయింది. కొత్త ఒంట్లో పాత గుండె అనగానే మాకు అదే గుర్తుకొచ్చింది.

మావాడు వంటింట్లోనే కూర్చుని చెప్పాడు. టర్బో అంటే ఏమిటో మాకు కొంచెం తెలుసు. మా ఆల్కో డీజిల్ ఇంజన్లకు, అదే డబ్ల్యూడీఎం‌-2లకు, పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, దానికీ టర్బోనే. బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని లోపలికి నెడుతుంది. గాలి ఎక్కువైతే ఇంధనం ఎక్కువ మండుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడినంతా మోసేది బ్లాకు.

ఎవల్యూషన్ టెన్‌లో ఉన్న 4బీ11 ఇంజిను బ్లాకు అల్యూమినియం. అంతకుముందు తొమ్మిది తరాల్లో వచ్చిన 4జీ63 బ్లాకు పోత ఇనుము. పాత ఇంజినుకన్నా కొత్తది సుమారు 12 కిలోలు తేలిక. మా ఆవిడ వెంటనే అంది: "అంటే అల్యూమినియం గిన్నె, ఇనుప పెనం. గిన్నె తేలిక, కానీ సొట్ట పడుతుంది." వాడు ఒప్పుకున్నాడు. 1983లో నెల్సన్ పికే ఫార్ములా వన్ ఛాంపియన్ అయిన బీఎండబ్ల్యూ టర్బో ఇంజినుకు కూడా మామూలు రోడ్డు కారు ఇనుప బ్లాకే ఆధారమని చెప్పాడు. 1960ల మొదట్లో గీసిన బ్లాకు అది. బాగా తిరిగి నిలకడపడిన బ్లాకులనే ఏరి వాడేవాళ్ళట.

సరే, పాతదైతే పనికిరాదని కాదు. స్టాండర్డ్ 2000లో పాత ఇంజినుకు ఆ ఒంటిని లాగే సత్తువ లేదు. ఇక్కడ పాత బ్లాకుకు సత్తువే ఎక్కువ. ఈ తేడా మాకు అర్థమైంది. కానీ వాడే చెప్పిన ఇంకో సంగతి కూడా ఉంది. పాత బ్లాకు కూర్చునే దిమ్మెలు వేరు. గేర్‌బాక్సు బోల్టు రంధ్రాలు కలవవు. పాతదానికి టైమింగ్ బెల్టు, కొత్తదానికి గొలుసు. కారులోని కంప్యూటరుకు పాత ఇంజిను సెన్సర్ల భాష రాదు. బ్లాకు ఒకటి మారిస్తే చుట్టూ ఇరవై మార్చాలి.

అప్పుడు మాలోని క్లర్కు లేచాడు. రైల్వేలో ముప్ఫై ఎనిమిదేళ్ళు నేర్చుకున్నది ఒకటే: ముందు కాయితం, తరవాత సామాను. "ఆర్‌సీలో ఇంజిను నంబరు ఎవరిది రా?" అని అడిగాం. వాడు మాట్లాడలేదు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చూడండి. తయారీదారు మొదట చెప్పిన వివరాలకు ఆర్‌సీ వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. వేరే రకం ఇంజినుతో ఆ బండి రోడ్డెక్కి ఎవరికైనా దెబ్బ తగిలితే ఇన్సూరెన్సు వాళ్ళు మొదట అడిగేది ఆ నంబరే. మూడు లక్షలు ఇచ్చేముందు ఈ ప్రశ్న అడగలేదు. అది మా తప్పు. చెల్లెలి కొడుకని మొహమాటపడ్డాం.

ఆ రాత్రి పెద్ద గొడవే అయింది. వాడు తినకుండా వెళ్ళిపోయాడు. పది రోజులు ఫోను లేదు. స్నేహితుల్లో ఒకడు తన వాటా వెనక్కి ఇమ్మన్నాడు. మా ఆవిడ మాత్రం రోజూ రాత్రి వాడికి మెసేజీ పెట్టేది: "కాలు నొప్పి ఆగుతుంది రా. నువ్వు రోడ్డు మీద పడితే ఆగదు."

పదకొండో రోజు వచ్చాడు. స్క్రూడ్రైవరు తెచ్చుకున్నాడు. ముందూ వెనకా నంబరు ప్లేట్లు ఊడదీసి అత్త చేతిలో పెట్టాడు. "దీన్ని ఇక ట్రాకు మీదే నడుపుతాను అత్తా. లారీ మీద ఎక్కించే తీసుకుపోతాను" అన్నాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. మా ఊరి లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్ పేరు మీద కట్టారు. మారుతి 800 ఇంజినుతో ఒంటి సీటు రేసు కార్లు తయారుచేసి, మామూలు ఇళ్ళ పిల్లలకు కూడా రేసును దగ్గర చేసిన మనిషి. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. చిన్న ఇంజినును సరైన బండిలో, సరైన చోట పెట్టడం ఆయన చేసి చూపించాడు.

మూడు లక్షల్లో ఇప్పటికి అరవై వేలు తిరిగి ఇచ్చాడు. ఆపరేషన్ సంక్రాంతి తరవాతకు జరిగింది. దీన్ని మంచి ముగింపు అనలేం, కానీ వాడు మళ్ళీ మా ఇంట్లో అన్నం తింటున్నాడు.

మీ పిల్లలు ఎవరైనా బండి ఇంజిను మారుస్తామంటే వద్దనకండి. కూర్చోబెట్టి అడగండి: బ్లాకు ఎంత గట్టిది, చుట్టూ ఏమేమి మారాలి, ఆర్‌సీలో ఏముంది. మూడో ప్రశ్న ముందే అడగండి. చెక్కు రాశాక కాదు.

నంబరు ప్లేట్లు మా బీరువాలో పెన్షన్ కాయితాల కింద ఉన్నాయి. తాళం చెవి మా ఆవిడ దగ్గర.